దొరువు లోతు, సరిహద్దు వెడల్పు

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా పాతిక కిలోమీటర్లు వెళితే మైపాడు. బస్సు దిగినవాళ్లంతా అలల వైపే పోతారు. ఒక్కసారి సముద్రానికి వీపు పెట్టి నిలబడి చూడండి. ఇసుక దిబ్బలు, సరుగుడు తోపులు, అక్కడక్కడా తాటిచెట్లు, ముళ్లతుమ్మ. మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేం. ఊరూ పేరూ తెలియని మనిషిని తెచ్చి ఇక్కడ దించితే ఎడారిలో ఉన్నాననే అనుకుంటాడు.

కానీ వానలు పోయిన కొత్తల్లో ఇదే ఇసుకలో కొద్దిపాటి గుంత తవ్వినా నీళ్లూరుతాయి. అలల చప్పుడు వినిపించేంత దగ్గరలోనే, తాగడానికి పనికొచ్చే తియ్యటి నీళ్లు. ఆ గుంతకు మన కోస్తాలో ఒక పేరుంది. దొరువు. నెల్లూరు జిల్లా సరిహద్దుల కథ అర్థం కావాలంటే కోటలూ రాజులూ తర్వాత, ముందు ఈ దొరువు లెక్క తెలియాలి. ఈ గడ్డ మీద ఎల్ల ఎప్పుడూ గీత కాదు. తియ్యటి నీళ్లు ఎక్కడ ఆగిపోతే అదే ఎల్ల.

వానతో మొదలుపెడదాం. నెల్లూరు జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 1,080 మిల్లీమీటర్లు. 250 మిల్లీమీటర్లలోపు కురిసే చోటును ఎడారి అనడం వాడుక. ఆ కొలత ప్రకారం నెల్లూరులో ఎడారికి నాలుగు రెట్లకు పైగా వాన పడుతోంది. అయినా ఈ తీరం ఎడారిలా కనిపించడానికి కారణం, ఎంత కురిసిందన్నది కాదు, ఎప్పుడు కురిసిందన్నది. రాష్ట్రంలో ఎక్కువ జిల్లాలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి మీద బతుకుతాయి. నెల్లూరు ఈశాన్యం బిడ్డ. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మూడు నెలల్లోనే దాదాపు 660 మిల్లీమీటర్లు, అంటే ఏడాది వానలో నూటికి 60 పాళ్లు పడిపోతుంది. నైరుతి ఇచ్చేది దాదాపు 330. ఆ రెండూ తీసేస్తే జనవరి నుంచి మే దాకా అయిదు నెలలకు మిగిలేది తొంభై మిల్లీమీటర్ల లోపే.

ఆ 660 మిల్లీమీటర్లను ఎకరం మీద పరిస్తే 26 లక్షల లీటర్లు దాటుతుంది. రేగడి నేలైతే కొంత పట్టి ఉంచుతుంది, రాతి నేలైతే పారబోస్తుంది. ఇసుక మాత్రం మొత్తం మింగేస్తుంది. మింగిన నీరు కిందికి దిగి, అప్పటికే అక్కడ ఉన్న సముద్రపు ఉప్పు నీటి మీద తేలుతుంది. పాల మీద మీగడలా అనుకోవచ్చు. మంచినీటి సాంద్రత 1 అయితే ఉప్పు నీటిది 1.025. ఈ కొంచెం తేడాయే తీరపు పల్లెలన్నిటికీ ప్రాణాధారం.

ఈ తేడా మీద ఒక సూత్రం ఉంది. 1880ల చివర నెదర్లాండ్స్‌లో బాడన్ గైబెన్, 1901లో జర్మనీలో హెర్జ్‌బెర్గ్ అనే ఇద్దరు ఇంజినీర్లు తమ తమ ఇసుక తీరాల్లో విడివిడిగా తేల్చినది. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, మట్టానికి కింద 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. వినడానికి ఇది వరంలా ఉంటుంది. తిరగేసి చదివితేనే భయం. పైన నీటి మట్టం ఒక అడుగు తగ్గిందంటే కింద నుంచి ఉప్పు 40 అడుగులు పైకి జరగడానికి దారి దొరికినట్టు. బోరు వేసి ఒకేచోట గట్టిగా లాగితే, లాగిన చోటికే ఉప్పు నీరు కుప్పలా లేచి వస్తుంది. అందుకే ఈ తీరంలో లోతుగా తవ్వినవాడికి ఉప్పు, వెడల్పుగా తవ్వినవాడికి తీపి.

మన రైతులకు ఈ సూత్రం తెలియదు, దాని ఫలితం మాత్రం తరతరాలుగా తెలుసు. దొరువు ఎప్పుడూ బావిలా నిటారుగా దిగదు. అంచులు వాలుగా, నోరు పెద్దగా, లోతు తక్కువగా ఉంటుంది. మనిషి కుండలతో లోపలికి దిగి, ముంచుకుని, పైకెక్కి మొక్కల మొదళ్లకు పోసి మళ్లీ దిగుతాడు. మిరప నారు, కూరగాయలు, పూల మొక్కలు అలా పెరిగినవే. కుండతో ముంచితే నీటి మట్టం ఒక్కసారిగా పడిపోదు. ముంచినంత మేర చుట్టుపక్కల ఇసుక నుంచి నెమ్మదిగా ఊరుతుంది. బాపట్లలోని వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం ఈ పాత గుంతనే నమూనాగా తీసుకుని, చిల్లులున్న గొట్టాలను తక్కువ లోతులో అడ్డంగా పరిచి, పై పొర నీటిని మాత్రమే మధ్య తొట్టిలోకి రప్పించే పద్ధతిని తయారు చేసింది. ప్రభుత్వ కాగితాల్లో కూడా దాని పేరు దొరువే. పులికాటు సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారాల్లో ఒకదాని పేరు రాయదొరువు. సముద్రపు నీరు లోపలికి వచ్చే చోటుకు మంచినీటి గుంత పేరు పెట్టారంటే, ఆ పేరు పెట్టిన జనం దేన్ని గుర్తుపెట్టుకోవాలనుకున్నారో తెలుస్తోంది కదా.

ఈ ఇసుక పట్టీ నుంచి పడమరకు నడిస్తే జిల్లా మెట్లు మెట్లుగా మారుతుంది. ముందు తీరపు తిప్పలు, వాటి వెనక చవుడు పర్రలు, బకింగ్‌హామ్ కాలువ, ఆ తర్వాత పెన్నా డెల్టా కయ్యలు. నెల్లూరు దాటాక ఎర్ర నేలలు, గుట్టలు, చివర వెలిగొండలు. పాత నెల్లూరు జిల్లా విస్తీర్ణం 13,076 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల్లో జనాభా 29,63,557. అంటే చదరపు కిలోమీటరుకు 227 మంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రం సగటు 308. డెల్టా పేరు చెబితే ఒత్తుగా జనం ఉంటారనుకుంటాం కానీ, జిల్లా మొత్తంగా చూస్తే పలచన. ఆ పలచనంతా ఉదయగిరి వైపు మెట్టలో, ఈ తీరపు ఇసుకలో ఉంది.

పెన్న 597 కిలోమీటర్ల నది. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప జిల్లాల ఎండు నేలల గుండా వచ్చి, సోమశిల దగ్గర వెలిగొండలను చీల్చుకుని, మైపాడుకు ఉత్తరాన ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం 55,213 చదరపు కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం కరువు సీమ. అందుకే పెన్న ఏడాది పొడుగునా నది కాదు. నెలల తరబడి ఇసుక, నవంబరులో ఒక్కసారి ఉప్పెన. 2021 నవంబరులో ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన రోజుల్లోనే పెన్న వరద పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్టను, జాతీయ రహదారిని కోసేసింది. మద్రాసు, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. ఆ తర్వాతి మే నెలలో అదే ఏటిలో పిల్లలు క్రికెట్ ఆడారు.

ఈ అలవాటు తెలిసిన రాజ్యం ఏదైనా మొదట చేసే పని నీటిని ఆపడం. 1855లో నెల్లూరు ఆనకట్ట, 1880లలో సంగం ఆనకట్ట, 1970ల మధ్యలో మొదలైన సోమశిల డ్యాం. 2022 సెప్టెంబరులో పాత ఆనకట్టల చోట నెల్లూరు, సంగం బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలు. ఆ అంకె వింటే మనసులో ఏమీ మెదలదు. ఇలా చూద్దాం: సోమశిల నిండా ఉన్న నీటిని పాత నెల్లూరు జిల్లా అంతటా సమానంగా పరిస్తే 169 మిల్లీమీటర్ల మందాన నిలుస్తుంది. ఈశాన్యం ఇచ్చే 660లో నాలుగో వంతు. జిల్లాలో కెల్లా పెద్ద కట్టడాల్లో ఒకటి పట్టి ఉంచగలిగేది అంతే. మిగతా మూడు వంతులు ఇసుకా, చెరువులూ, సముద్రమూ పంచుకోవాల్సిందే.

పడమటి మెట్టకూ తూర్పు డెల్టాకూ మధ్య ఉన్న ఈ నీటి తేడాయే నెల్లూరు సరిహద్దు చరిత్రలో మనకు తెలిసిన మొదటి పెద్ద కొట్లాటకు మూలం. అది గడ్డి కోసం జరిగింది.

13వ శతాబ్దంలో విక్రమసింహపురి, అంటే నేటి నెల్లూరు, తెలుగు చోడుల రాజధాని. రాజు మనుమసిద్ధి, మంత్రి తిక్కన. పడమట కరువు పడి మేత కరవైనప్పుడు ఎర్రగడ్డపాటి నుంచి కాటమరాజు అనే యాదవ నాయకుడు తన మందలతో నెల్లూరు సీమ అడవుల్లోకి దిగాడు. మేపుకోవడానికి ఒప్పందం కుదిరింది. దానికి బదులు పుల్లరి, పశువుల్లో పుట్టిన కోడెదూడల రూపంలో. తర్వాత మాటా మాటా పెరిగింది. రాజు ఉంపుడుగత్తె కుందమాదేవి పెంపుడు చిలుక చచ్చిపోయిందనీ, దానికి పగగా ఆవులను చంపించిందనీ, అందుకే కాటమరాజు పుల్లరి కట్టనన్నాడనీ కథ చెబుతుంది. పాలేరు ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం. రాజు తరఫున కవి తిక్కనకు బంధువైన ఖడ్గతిక్కన, కాటమరాజు తరఫున బ్రహ్మరుద్రయ్య. ఇద్దరూ నేలకొరిగారు.

కొమ్మువాళ్లు రాత్రుళ్లు పాడే ఈ కథలో ప్రతిదీ చరిత్ర అని నేను అనను. చిలుకను పక్కన పెట్టండి. కరువు, మంద, గడ్డి, పన్ను: ఈ నాలుగూ మాత్రం కల్పన కావు. పన్ను కట్టే రైతు ఉన్న డెల్టాకూ, మంద వెంట తిరిగే మనిషి ఉన్న మెట్టకూ మధ్య ఎల్ల ఎక్కడ అన్న ప్రశ్న వాన తప్పిన ప్రతి ఏడూ కొత్తగా లేచేది. ఎల్ల మనుషులు ఒప్పుకుని గీసింది కాదు, పచ్చిక ఎంతవరకు ఉంటే అంతవరకు జరిగేది. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెనిగించిన కవి తిక్కనే, అదే రాజు సింహాసనం పోయినప్పుడు సాయం అడగడానికి కాకతీయ గణపతిదేవుడి దగ్గరకు రాయబారిగా వెళ్లాల్సి వచ్చిందంటే, ఇది ఎంత నెమ్మది లేని సీమో ఊహించండి.

ఆ మందల సంతతి ఎక్కడిదాకా పోయిందో చెప్పకుండా ముందుకు పోలేను. 1868లో మన కోస్తా పశువుల జత ఒకటి బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో దిగింది. 1878లో ఒక బ్రెజిల్ రైతు హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి మరో జతను కొన్నాడు. 1960ల మొదట్లో మరిన్ని వెళ్లాయి, వాటిలో ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరుతోనే ప్రసిద్ధమైన ఆబోతు ఒకటి. ఇక్కడ మనం ఒంగోలు జాతి అంటాం, అక్కడ నెలోర్ అంటారు. కారణం సరిహద్దే: అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లాకు పోయింది, 1970లో కొత్త ఒంగోలు జిల్లాలో చేరింది, ఆ జిల్లాయే తర్వాత ప్రకాశం అయింది. ఎద్దు మాత్రం పాత చిరునామాతోనే ఉండిపోయింది. ఇవాళ బ్రెజిల్ మాంసపు పశువుల్లో నూటికి 80 వరకు నెలోర్ రక్తం ఉన్నవే. వియాటినా-19 అనే ఆవు విలువను 43.8 లక్షల డాలర్లుగా కట్టారు, అప్పటికి ప్రపంచంలో అంతకు మించి పలికిన ఆవు లేదు. మన పత్రికలు దాన్ని 40 కోట్ల రూపాయల నెల్లూరు ఆవు అని రాసుకుని మురిశాయి. ఎండను, గడ్డి కరువును ఓర్చుకునే ఒళ్లు దానికి ఇచ్చింది ఈ మెట్టే.

పడమటి సరిహద్దును కాపలా కాసింది ఉదయగిరి. సముద్ర మట్టానికి 3,079 అడుగుల ఎత్తున దుర్గం. గజపతుల చేతిలో ఉన్న ఆ కోట కోసం శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా కాచుకుని కూర్చుని 1514లో పట్టుకున్నాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ కోట చేతిలో ఉన్నవాడికే కింద డెల్టా ధాన్యం.

దక్షిణపు ఎల్ల కోటలతో కాదు, మాటలతో తెలుస్తుంది. బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో అచ్చు వేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు మూడు. వాటిని తిరగేస్తే దక్షిణాన తమిళ శాసనాలు విరివిగా కనిపిస్తాయి. తీరంలో చేపలు పట్టే పట్టపువాళ్ల ఇళ్లలో ఈనాటికీ తమిళపు యాస వినిపిస్తుంది. పట్టపుపాలెం అన్న పేరున్న పల్లె ఈ తీరంలో ఒకటి కాదు. తెలుగు ఎక్కడ ముగిసి తమిళం ఎక్కడ మొదలవుతుందో ఇక్కడ చెప్పడం, దొరువులో తీపి ఎక్కడ ముగిసిందో చెప్పడమంత కష్టం.

సముద్రం వైపు సరిహద్దు 17వ శతాబ్దంలో తెరుచుకుంది. 1613 నాటికి డచ్చివాళ్లు పులికాటులో గెల్డ్రియా కోట కట్టేశారు. వాళ్ల పోటీకి తట్టుకోలేక ఇంగ్లిషువాళ్లు 1620ల మధ్యలో దుగరాజపట్నంలో దిగి, దాన్ని ఆర్మగాన్ అని పిలిచారు. ఫిరంగులు పెట్టుకున్నారు కానీ వాళ్లకు కావలసిన బట్ట అక్కడ చాలినంత దొరకలేదు. ఆర్మగాన్‌లో పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెతుక్కుంటూ పోయి 1639 ఆగస్టులో కొత్త చోటుకు పట్టా సంపాదించాడు. ఆ చోటే మద్రాసు. మద్రాసు కావలసింది నెల్లూరు తీరం చేజారిందని బాధపడేవాళ్లు నాకు తెలుసు. తీరంలో దొరికే మంచినీటి లెక్క చూస్తే నాకు ఆ బాధ లేదు.

మైపాడుకు వచ్చేటప్పుడు దాటే కాలువ కథ మరొకటి. 1806 నాటికి మద్రాసు నుంచి ఎన్నూరుకు 11 మైళ్లు. 1837లో ప్రభుత్వం తీసుకుంది. తర్వాత కొంచెం కొంచెంగా ఉత్తరానికి సాగి పెదగంజాం దాకా, దక్షిణాన మరక్కాణం దాకా మొత్తం 420 కిలోమీటర్లు. మద్రాసు నగరంలో అడయారునూ కూవంనూ కలిపే ముక్క ధాత కరువు రోజుల్లో, కరువు పనిగా తవ్వించినది. 1877లో మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు పనికి రోజు కూలి మగవాడికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. అంటే 450 గ్రాములు. తవ్వే పని చేసే మనిషికి అది ఒక రోజుకు చాలదు. 1878లో కాలువకు అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు పేరు పెట్టారు. తవ్విన ఒక్కరి పేరూ మిగల్లేదు.

ఉప్పు, బియ్యం, కట్టెలు, సున్నం పడవల్లో మద్రాసుకు పోయేవి. రైలు వచ్చాక, లారీ వచ్చాక, 1965, 66 తుపానుల తర్వాత పడవలు తగ్గిపోయాయి. 2008లో దీన్ని జాతీయ జలమార్గం-4లో కలిపారు. అయినా దాని చివరి పెద్ద ఉపకారం పడవలతో కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు తీరం దాటి లోపలికి దూకిన నీరు కాలువలో పడి, కాలువ వెంటే పక్కకు పారి, మళ్లీ సముద్రంలోకి పోయిందని, అందువల్ల ఆంధ్ర తీరంలో చాలామంది బతికారని 2005లో కరెంట్ సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. కూలివాళ్లు తవ్విన మట్టి కాలువ నూరేళ్లకు పైగా గడిచాక వాళ్ల మునిమనవళ్లకు అడ్డు నిలబడింది.

తర్వాతి ఎల్లలు కాగితం మీద గీసినవి. పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహార దీక్ష, 1952 డిసెంబరు 15న మరణం, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం. మద్రాసు అటు, నెల్లూరు ఇటు. 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు సూళ్లూరుపేట, వెంకటగిరి, గూడూరు వైపు తిరుపతికి పోయాయి. వాటితోపాటు 1971 అక్టోబరులో మొదటి రాకెట్ ఎగిరిన శ్రీహరికోట కూడా. అదీ ఇసుక దీవే. రాకెట్ తూర్పుకు ఎగిరితే కింద సముద్రమే ఉండాలి కనుక, జనం పలచగా ఉన్న ఈ తీరాన్ని ఎంచుకున్నారు. అక్కడి యానాదులు లేచిపోవాల్సి వచ్చింది.

కాగితపు గీతలు మారినా నీటి గీత మారదు. 1983 ఒప్పందం ప్రకారం చెన్నై తాగునీటికి 15 టీఎంసీలు ఇవ్వాలి. ఆ నీళ్లు సోమశిల నుంచి 68 టీఎంసీల కండలేరుకు, అక్కడి నుంచి 177 కిలోమీటర్ల కాలువలో పూండికి పోతాయి. 1953లో వదులుకున్న ఊరికి 1996 నుంచి నెల్లూరే దాహం తీరుస్తోంది.

మరి మైపాడు దాహం? 1990ల మొదట్లో ఈ తీరమంతా రొయ్యల గుంతలు వచ్చాయి. వరికంటే ఎన్నో రెట్ల ఆదాయం. ఎవరినీ తప్పుపట్టలేం. 1994, 95లలో తెల్లమచ్చ తెగులు గుంతలను ఊడ్చేసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, ఆటుపోట్ల గీతకు 500 మీటర్ల లోపు గుంతలు ఉండరాదని తీర్పు ఇచ్చింది. 2005లో చట్టం వచ్చి కొంత సడలింది, 2009 తర్వాత వనామి రొయ్యతో గుంతలు మళ్లీ విస్తరించాయి.

ఇప్పుడు దొరువు లెక్కకు వద్దాం. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుంటే మంచిదని భారతీయ ప్రమాణం, వేరే దారి లేకపోతే 2,000 దాకా. ఒక ఇత్తడి బిందెకు 15 లీటర్లు పడతాయనుకుందాం. పూర్తిగా తియ్యటి నీళ్లున్న ఆ బిందెలో ఒక్క గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల సముద్రపు నీరు పోస్తే 7 గ్రాముల ఉప్పు చేరుతుంది. లీటరుకు దాదాపు 460 మిల్లీగ్రాములు. గుక్కెడు కూడా ఎక్కువ పడకుండానే మొదటి హద్దు అంచుకు వచ్చేశాం. అయిదో గ్లాసు పూర్తయ్యేలోపే రెండో హద్దు కూడా దాటుతుంది.

ఇసుకలో తవ్విన ఉప్పునీటి గుంత పక్క దొరువుకు ఇవ్వాల్సింది అంతే. రోజుకో గ్లాసు, ఇసుక గుండా, చప్పుడు లేకుండా. మంచినీటి పొరను నింపే వాన మూడు నెలలే, ఊట మాత్రం పన్నెండు నెలలు. ఇందుకూరుపేట వైపు ఇప్పుడు పొద్దున్నే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు ఆటోలో వస్తాయి. సరుగుడు ఆకు రాలి నిండిపోయిన పాత దొరువు పక్కనే ఆటో ఆగుతుంది. ఇంట్లోంచి ఖాళీ క్యాను పట్టుకుని ఒకావిడ ఇసుకలో నడిచి వస్తుంది.